బందరు: ఉప్పెన దాటి నిలిచిన పట్టణం

మచిలీపట్నం అనగానే మీకు ముందుగా ఏమి గుర్తుకు వస్తుంది? చాలామంది బందరు లడ్డు అంటారు. తప్పేమీ లేదు, అది తిన్నవారికి తెలుసు. అయితే ఈ దినమున ఆ ఊరిని గురించి మరికొన్ని సంగతులు మీతో పంచుకోవాలని ఆశపడుతున్నాను.

మొదటి శతాబ్దపు గ్రీకు నావికుడొకడు ఈ తీరాన్ని మసాలియా అని పిలిచి, ఇక్కడ సన్నని నూలుబట్టలు విస్తారంగా తయారవుతాయని రాసిపెట్టాడు. తరువాత గోల్కొండ సుల్తానుల కాలంలో ఇది వారి ముఖ్యమైన రేవు. బందరు అనే మాటే పారసీక భాషనుండి వచ్చింది, రేవు అని దాని అర్థం. పర్షియా వర్తకులు వచ్చారు, డచ్చివారు వచ్చారు, 1611లో ఇంగ్లీషువారు, ఆ తరువాత ఫ్రెంచివారు వచ్చారు. ఊళ్లో డచ్చివారి సమాధులున్నాయి. వాటిమీద చెక్కిన పేర్లను, వంశచిహ్నాలను ఇప్పటికీ చూడవచ్చు.

వీరందరూ దేనికోసం వచ్చారు? ముఖ్యంగా అద్దకం బట్టల కోసం. బందరు పక్కనే ఉన్న పెడనకు ఎప్పుడైనా వెళ్లి చూడండి. గుడ్డను కరక్కాయ నీటిలో ముంచి ఆరబెడతారు. పాత ఇనుమును బెల్లపు నీటిలో నానబెట్టి నలుపు తీస్తారు. చెక్క అచ్చుతో పటిక అద్దినచోట మొదట ఏమీ కనబడదు. ఆ బట్టను రంగునీటిలో ఉడికించినప్పుడు మాత్రమే అక్కడ ఎరుపు పైకి తేలుతుంది. నిన్నటివరకు కనబడని పువ్వు నేడు కనబడుతుంది! స్క్రీన్ ప్రింటింగు వచ్చి ఈ చేతిపనిని చాలా దెబ్బతీసింది.

ఇప్పుడు ఒక దుఃఖకరమైన రాత్రిని గురించి చెప్పాలి. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుఫానుతో కూడా సముద్రం ఊరిమీదికి వచ్చింది. ఇంచుమించు 30,000 మంది చనిపోయారు. ఆ సంఖ్యను దయచేసి మరొకసారి చదవండి. ఆ సంవత్సరం తరువాత బందరు మునుపటి బందరు కాలేదు. అయినా బ్రతికినవారు ఊరిని విడిచిపెట్టలేదు. రెండేళ్లకే, 1866లో, పురపాలక సంఘం ఏర్పడింది. అదే నేడు నగరపాలక సంస్థ.

ఆ ఉప్పెనను చూసినవారిలో రాబర్టు నోబుల్ దొర ఒకరు. 1841లో వచ్చి, 1843లో బడి తెరిచి, 1865లో ఈ ఊళ్లోనే కన్నుమూశారు. నోబుల్ కళాశాల ఆయన పేరుమీదనే ఉంది. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మము పొందగా బడి దాదాపు ఖాళీ అయిపోయింది. ఆయన చలించలేదు, మళ్లీ నిలబెట్టారు. ఇంతవరకు మన సంఘాల్లో తరచుగా వింటాము. కాని ఆ బడిలో అంటరానివారని ఎంచబడిన పిల్లలను ఆయన చేర్చుకోలేదు. ముందు పెద్దకులాలవారు మారితే వారిద్వారా క్రిందివారికి సువార్త అందుతుందని ఆయన తలంపు. జరిగింది వేరు. ఈనాడు కోస్తా సంఘాలలో ఎక్కువమంది ఎవరి సంతానం? ఆనాడు ఆ గడప దాటనివ్వని వారి సంతానమే. ఆ దైవజనుని ప్రయాసను నేను గౌరవిస్తాను, కాని ఈ సంగతిని దాచిపెట్టి ఆయన చరిత్ర చెప్పడం నాకు న్యాయముగా తోచదు.

ఊరికి పేరిచ్చిన చేపల సంగతి చెప్పకుండా ముగించలేను. గిలకలదిండి రేవులో తెల్లవారుజామున నిలబడితే పడవలు వరుసగా లోపలికి వస్తుంటాయి. ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినాలు యంత్రపు పడవలకు వేట నిషేధం. ఆ రోజుల్లో వలలు అల్లుకుంటూ, పడవలు బాగుచేసుకుంటూ, అప్పు తెచ్చుకుంటూ కాలం గడుపుతారు. 2004 డిసెంబరు 26న సునామీ ఈ తీరాన్ని కూడా తాకింది. మరుసటి వారాల్లో వీరు మళ్లీ సముద్రంలోకే వెళ్లారు, వేరే పొలం వారికి లేదు.

2023లో మంగినపూడి దగ్గర కొత్త ఓడరేవు పనులు మొదలయ్యాయి. పెద్ద ఓడలు మళ్లీ బందరుకు వస్తాయని ఊరంతా ఎదురుచూస్తోంది. గిలకలదిండి పిల్లలకు ఆ రేవులో ఏ పని దొరుకుతుందో, చిన్న పడవలకు ఎంత చోటు మిగులుతుందో అని వారి తల్లిదండ్రులు కూడా ఎదురుచూస్తున్నారు.