గనిమ మీది చెట్టుకు లెక్కేది? పావగడ మెట్ట సేద్యంలో వన వ్యవసాయం

వై.ఎన్.హొసకోట పాలనకు తుమకూరు జిల్లా పావగడ తాలూకాలో ఉన్నా, మాటకూ మెట్ట సేద్యానికీ అనంతపురం సీమకే దగ్గర. వానాకాలం వేరుశనగ, దాని నడుమ కంది, ఆముదం సాళ్లు, గనిమల (చేల గట్ల) మీద చింత, వేప, కానుగ. వన వ్యవసాయం అన్న పేరు పుట్టకముందే ఇక్కడ ఉన్న వన వ్యవసాయం ఇది. దాని వ్యాప్తిని మన కొలతలు తక్కువ చేసి చూపుతున్నాయనీ, భవిష్యత్తు కూడా తోటల్లో కన్నా గనిమల మీదే ఎక్కువుందనీ నా వాదన.

దేశంలో వన వ్యవసాయం సుమారు 2.53 కోట్ల హెక్టార్లలో, అంటే నమోదైన భౌగోళిక విస్తీర్ణంలో 8.2 శాతం మేర ఉందని ఝాన్సీలోని వన వ్యవసాయ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు 2013లో అంచనా వేశారు. ఇలాంటి లెక్కలకు వాడే లిస్-3 ఉపగ్రహ చిత్రంలో ఒక్కో గడి 23.5 మీటర్లు. పన్నెండు మీటర్ల మేర కొమ్మలు చాచిన చింతమాను అందులో నాలుగో వంతైనా నిండదు. మిగతాదంతా చేనే కాబట్టి ఆ గడి చేనుగానే నమోదయ్యే అవకాశం ఎక్కువ. నీలగిరి తోట లెక్కకెక్కుతుంది, గనిమ మీది ఒంటి చెట్టు జారిపోతుంది.

ఆ చెట్టు ఇచ్చేది తక్కువేమీ కాదు. చింత ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కోతకొస్తుంది. మెట్ట చేలో పనిలేని నెలలవి. మానును గుత్తకిస్తే రైతుకు గుత్త సొమ్మే. ఇంట్లోనే పెంకు కొట్టి, గింజ తీసి, ఈనెలు లాగి హిందూపురం మార్కెట్టుకు తోలితే మేలైన కరిపులి రకం ధర పలకవచ్చు. ఆ తేడా అంతా ఆడవాళ్ల చేతి పని విలువ. నష్టమూ ఉంది: చింత నీడన వేరుశనగ కాపు తగ్గుతుంది. కానుగకు ఆ చిక్కు తక్కువ. విత్తుకు ముందు కొమ్మలు నరికితే నీడా తగ్గుతుంది, పచ్చిరొట్టా దొరుకుతుంది.

ఈ చెట్టుకు పోటీ సౌర విద్యుత్తుతో వచ్చింది. ఇదే తాలూకాలోని తిరుమణి, వళ్లూరు పరిసరాల్లో సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల పార్కు వెలిసింది. ఎకరాకు ఏటా 21,000 రూపాయలతో కౌలు మొదలైంది. వాన పడినా పడకపోయినా వచ్చే సొమ్ము అది, రైతును తప్పుపట్టలేం. ఎటొచ్చీ పలకల మీద నీడ పడకూడదు కాబట్టి అక్కడ మానుకు చోటు లేదు.

2014లో కేంద్రం వన వ్యవసాయానికి జాతీయ విధానం ప్రకటించింది. అంతకు ముందే కర్ణాటక అటవీ శాఖ కృషి అరణ్య ప్రోత్సాహ యోజన తెచ్చింది. నాటిన మొక్క బతికితే మూడేళ్ల పాటు డబ్బిస్తుంది. అంటు చింత కాపుకు నాలుగైదేళ్లు, గింజ నాటినదానికి ఎనిమిది పదేళ్లు పడుతుంది. సాయం ఆగాక, కాయ కనబడకముందు ఉన్న ఆ ఖాళీలోనే మెట్ట రైతుకు చెట్టు భారమవుతుంది. చింతకు సాయాన్ని తొలి కాపు దాకా పొడిగించాలి.

గనిమ చెట్ల లెక్కకు కొత్త యంత్రాంగం కూడా అక్కర్లేదు. కర్ణాటక భూమి రికార్డైన పహణీలోనే చెట్ల పేరు, సంఖ్య రాసే గడి ఉంది. పంటల నమోదుకు చేలకు వెళ్లేవారు గనిమ చెట్లనూ రాసుకుంటే, హోబ్లి (తాలూకాలో ఒక భాగం) వారీగా ఏ మాను ఎంతుందో తేలుతుంది.