వకాల్తా లేని వాదనలు

1920 చివర్లో మద్రాసు హైకోర్టు మిల్లు కార్మికుల నాయకుల మీద ఇంజంక్షన్ ఇచ్చింది. పెరంబూరులోని బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లుల్ని నడిపే బిన్నీ కంపెనీ వేసిన దావా అది. పనిలోకి వెళ్లొద్దని కార్మికులకు చెప్పడమంటే కంపెనీతో వాళ్లకున్న ఒప్పందాన్ని తెగ్గొట్టించడమేనని, ఆ నష్టాన్ని నాయకులే భరించాలని కంపెనీ వాదించింది. ప్రతివాదుల్లో ముఖ్యుడు బి.పి. వాడియా. అనిబిసెంటు అనుచరుడు, 1918 ఏప్రిల్ 27న ఏర్పడిన మద్రాసు లేబర్ యూనియన్‌కు అధ్యక్షుడు. ఆ సంఘానికి మొదట పూనుకున్నవాళ్లు జి. సెల్వపతి చెట్టి, జి. రామానుజులు నాయుడు అనే ఇద్దరు వ్యాపారులు. చివరికి వాడియా కార్మికోద్యమం నుంచి తప్పుకున్నాక గానీ కంపెనీ శాంతించలేదు.

సమ్మె చేయించినందుకు నాయకుడి ఆస్తి జప్తయ్యే పరిస్థితి ఉంటే సంఘం పెట్టే సాహసం ఎవరు చేస్తారు? 1921 మార్చిలో కార్మిక నాయకుడు ఎన్.ఎం. జోషి కేంద్ర శాసనసభలో ఈ సంగతే లేవనెత్తి, కార్మిక సంఘాలకు చట్టపరమైన రక్షణ కావాలని తీర్మానం పెట్టారు. అయిదేళ్ల తర్వాత, 1926లో, ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. క్రిమినల్ కుట్ర కేసుల నుంచి 17వ సెక్షను, బిన్నీ వేసినలాంటి సివిల్ దావాల నుంచి 18వ సెక్షను రిజిస్టరైన సంఘాలకు రక్షణగా నిలిచాయి.

అదే చట్టంలోని 22వ సెక్షను గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. సంఘం కార్యవర్గంలో కనీసం సగంమంది ఆ పరిశ్రమలో పనిచేసేవాళ్లే ఉండాలని చెప్పింది అది. మిగతా సగంలోకి బయటివాళ్లు రాగలిగేవారన్నమాట. అలా వచ్చినవాళ్లలో ప్లీడర్లు చాలామంది. కార్మికుల వకీలు అనే మనిషి మన దేశంలో తయారైంది ముందు ఇక్కడ, యూనియన్ ఆఫీసులో. కోర్టు మెట్లెక్కడం ఆ తర్వాతి సంగతి.

స్వాతంత్ర్యానికి కొన్ని నెలల ముందు, 1947 ఏప్రిల్ 1న, పారిశ్రామిక వివాదాల చట్టం అమల్లోకి వచ్చింది. 1950 సవరణతో దాని 36వ సెక్షను వకీళ్లకు గేటు వేసింది. లేబర్ ఆఫీసులో జరిగే రాజీ చర్చల్లోకి వకీలు రానే కూడదు. లేబర్ కోర్టులో, ట్రైబ్యునల్లో అయితే అవతలి పక్షం ఒప్పుకోవాలి, పైగా జడ్జి అనుమతించాలి. పెద్ద ఫీజులిచ్చి పేరున్న బారిస్టర్లను దింపగలిగేది యాజమాన్యమే కనుక, ఈ షరతు కార్మికుడికి మేలు చేస్తుందని అప్పటి లెక్క.

లెక్క కొంతవరకు సరిపోయింది. యాజమాన్యం తరఫున వకాల్తా దాఖలైన రోజే యూనియన్ నాయకుడు లేచి అభ్యంతరం చెప్పాలి. ఆ రోజు ఊరుకుని నాలుగు వాయిదాలు గడిచాక అడిగితే, ఒప్పుకున్నట్టేనని కోర్టులు తీర్పులిచ్చాయి. కంపెనీలు కూడా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. యజమానుల సంఘాల్లో వకీళ్లకు పదవులిచ్చి, ఆ హోదాలో పంపడం మొదలుపెట్టాయి. ఈ పేచీ పారదీప్ పోర్టు ట్రస్టు కేసుగా సుప్రీంకోర్టుకెక్కింది. యజమానుల సంఘంలో పదవిలో ఉన్న వకీలు ఆ హోదాలో రావచ్చని, యూనియన్ కార్యవర్గంలో ఉన్న వకీలుకూ అదే హక్కు ఉందని 1976లో కోర్టు తేల్చింది. యూనియన్ గౌరవాధ్యక్షుడి కుర్చీకి అప్పటినుంచి ఇంకాస్త విలువ పెరిగింది.

కోర్టులంటే నమ్మకం లేని వకీలూ ఒకరున్నారు. ఐర్లండులో న్యాయశాస్త్రం చదివి, మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు పెట్టి, సహాయ నిరాకరణ రోజుల్లో దాన్ని వదిలేసి రైల్వే కార్మికుల్లోకి వెళ్లిన వరాహగిరి వెంకటగిరి. 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యాక, తగాదాల్ని బలవంతంగా ట్రైబ్యునళ్లకు ఈడిస్తే సంఘాలు బలహీనపడతాయని, బేరమాడి తేల్చుకోవడమే మేలని వాదించారు. ఆయన మాట చెల్లలేదు. బ్యాంకు ఉద్యోగుల వివాదంలో అప్పిలేట్ ట్రైబ్యునల్ తీర్పును ప్రభుత్వం మార్చినందుకు 1954లో పదవికి రాజీనామా చేశారు.

తగాదాలు కోర్టులకే వెళ్లాయి, వాటితో పాటు వకీళ్లూ వెళ్లారు. ఢిల్లీలో ఎం.కె. రామమూర్తి లాంటివాళ్లు సుప్రీంకోర్టులో సంఘాల తరఫున దశాబ్దాల పాటు వాదించారు. జిల్లాల్లో పని వేరేలా ఉండేది. ఉద్యోగం పోయిన మనిషి ఫీజు ఎక్కణ్నుంచి తెస్తాడు? గెలిస్తే ఇంత వాటా అని మాట్లాడుకోవడానికి బార్ కౌన్సిల్ నిబంధనలు ఒప్పుకోవు. అందువల్ల యూనియన్ చందాల మీదే చాలా కేసులు నడిచేవి.

విశాఖ, గుంటూరు, వరంగల్, గోదావరిఖని, ఏ లేబర్ కోర్టులోనైనా ఫైలు తెరిస్తే కాగితాల మీద రెండే అక్షరాలు కనిపిస్తాయి. కార్మికుడి పత్రాలకు డబ్ల్యూ, మేనేజ్‌మెంట్ పత్రాలకు ఎం. బస్సు కండక్టరు కేసయితే ఎం-1 తరచూ చెకింగ్ రిపోర్టే అవుతుంది. తర్వాత చార్జిషీటు, సంజాయిషీ, శాఖాపరమైన విచారణ, బర్తరఫ్ ఉత్తర్వు. సాక్షిని అడ్డంగా ప్రశ్నించే అవకాశం ఇచ్చారా, విచారణాధికారి సంతకానికి ముందే శిక్ష ఖాయమైందా అని వకీలు ఒక్కో కాగితాన్నీ పట్టి చూడాలి. ఈ పని తేలికేం కాదు. హర్యానా కండక్టరు రతన్‌సింగ్ కేసులో, ప్రయాణికుల్ని సాక్షులుగా పిలవకపోయినా విచారణ చెల్లుతుందని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది.

పారిశ్రామిక వివాదాల చట్టానికి 1950 తర్వాత వచ్చిన సవరణలు వకీలు చేతికి ఒక్కొక్క పట్టూ ఇచ్చాయి. యూనియన్ వెంట లేకపోయినా ఒక్కడి తొలగింపు కూడా పారిశ్రామిక వివాదమేనని 1965లో 2ఎ సెక్షను చెప్పింది. నేరం రుజువైనా శిక్ష మరీ ఎక్కువైతే తగ్గించే అధికారాన్ని లేబర్ కోర్టుకు 1971లో 11ఎ ఇచ్చింది. అయినా ఒక చిక్కు మిగిలింది. ప్రభుత్వం రిఫర్ చేస్తే తప్ప కేసు లేబర్ కోర్టు గడప తొక్కేది కాదు. ఆ ఫైలు కదిలేసరికి ఏళ్లు గడిచేవి. ఆంధ్రప్రదేశ్ 1987లో తన సవరణతో ఈ అడ్డు తీసేసి, తొలగించిన కార్మికుడు నేరుగా లేబర్ కోర్టులో పిటిషన్ వేసుకునే వీలు కల్పించింది. పార్లమెంటు ఈ వెసులుబాటును దేశమంతటికీ ఇచ్చింది 2010లో, అదీ సర్కారు రాజీ యంత్రాంగంలో 45 రోజులు చూశాకే.

2025 నవంబరు 21 నుంచి పాత చట్టాల స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. లేబర్ కోర్టుల బదులు ఇద్దరు సభ్యుల ట్రైబ్యునళ్లు ఉంటాయి, వారిలో ఒకరు పాలనా రంగం నుంచి వస్తారు. తొలగింపు మీద వివాదం లేవదీసే గడువు మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది. వకీలు రావాలంటే అవతలి పక్షం ఒప్పుకోవాలన్న షరతు మాత్రం 94వ సెక్షనుగా కొత్త కోడ్‌లోనూ ఉంది.