నల్లమందు మానిన యువజనుల మనోవ్యథ



నల్లమందు మన పెద్దలకు క్రొత్తది కాదు. శార్ఙ్గధర సంహిత మొదలగు వైద్యగ్రంథములందు అహిఫేనమను పేర నిది ఔషధముగా చెప్పబడినది. గోదావరి మన్యప్రాంతమున చలిజ్వరమునకు దీనిని మ్రింగువా రుండిరి. పసిబిడ్డ యేడ్వకుండ నాలుకకు రవంత రాచిన తల్లుల కథలు మీరును వినియుందురు. మ్రింగినపుడు కలుగు మత్తు నందఱు నెఱుగుదురు. మానినపుడు మనస్సు పడు పాటు, అందును యౌవనారంభమున నున్న బాలురకును బాలికలకును దానియందు గల భేదము, వైద్యులకు సైతము చిరకాలము పట్టలేదు. ఆ చరిత్రమునే నేడు మనవి చేసెదను.

1805 ప్రాంతమున సెర్ట్యూర్నర్ అను జర్మను ఔషధకారుడు నల్లమందునుండి మార్ఫిను అను సారమును వేఱుచేసెను. 1853లో ఎడింబరో వైద్యుడు అలెగ్జాండరు వుడ్డు దానిని సూదితో చర్మము క్రింద నెక్కించు పద్ధతిని వాడుకకు తెచ్చెను. నొప్పి పోయినది, అలవాటు మిగిలినది. 1877లో బెర్లిను వైద్యుడు లెవిన్‌స్టైను ఈ వ్యసనముపై నొక గ్రంథము ప్రకటించెను. మందు నొక్కసారిగా మాన్పించి, రోగిని గదియందుంచి, కావలి పెట్టి, ఆత్మహత్యకు సాధనమగు వస్తువు లన్నిటిని ముందుగా తొలగింపవలెనని యాతని విధి. రోగికి వాంతులకంటె నిరాశవలన నెక్కువ భయమున్నదని యాతడు గ్రహించినట్లే కదా!

ఆ కాలమున అమెరికాలో ఈ వ్యసనము పాలైనవారిలో స్త్రీలే యెక్కువ. 1878లో మిచిగను రాష్ట్రమున లెక్కింపగా 1313 మందిలో 803 మంది స్త్రీలు. వైద్యులే వారికి మందు వ్రాసియిచ్చుచుండిరి. అట్లుండగా 1935లో కెంటకీ రాష్ట్రమందలి లెక్సింగ్టనులో ప్రభుత్వము చికిత్సాలయము స్థాపించినపుడు పురుషులనే చేర్చుకొనిరి. స్త్రీలకు ప్రవేశము 1941లో కలిగినది. అచ్చటనే హిమ్మెల్స్‌బాక్ అను వైద్యుడు మందు మానినవారి బాధను కొలుచుట కొక పట్టిక నేర్పఱచెను. ఆవులింత, కంటినీరు, ముక్కు కారుట, చెమట, గగుర్పాటు, వడకు, వాంతి, జ్వరము, రక్తపుపోటు, బరువు తగ్గుట: వీనికి అంకెలు వేయుదురు. పట్టిక మంచిదే. కాని పరీక్షింపబడినవారు వయసు వచ్చిన పురుషులు, అందును ఖైదీలు. దిగులుకు అం దొక్క అంకెయు లేదు.

ఇక పిల్లల మాట. న్యూయార్కు నగరమున హెరాయిను మరగిన బాలబాలికలకై 1952లో నార్తు బ్రదరు ద్వీపమునందు రివర్‌సైడు ఆసుపత్రిని తెఱచిరి. అంతకు పూర్వ మది అంటురోగుల కారాగృహము వంటిది. పిల్లలకు బడి పెట్టిరి, వైద్యులను నియమించిరి. 1955లో చేరినవారి గతిని పిమ్మట విచారింపగా ఇంచుమించు అందఱును మరల మందు పట్టినట్లు తేలినది. 1963లో మూసివేసిరి. దేహమునుండి విషము విడిచినంతనే పిల్లవాడు కోలుకొనెనని తలంచుటయే అచ్చట జరిగిన లోపమని నా యభిప్రాయము. హెరాయిను మానినవాని దేహబాధ రెండు మూడు దినములలో హెచ్చి, వారము పదిదినములలో తగ్గును. చిరాకు, నిద్రలేమి, దేనియందును రుచి లేకుండుట, ఇవి వారములు నెలలు నుండును. లెక్సింగ్టను పండితులు మార్టిను, జాసిన్‌స్కీ 1969లో ఈ దీర్ఘావస్థను వర్ణించిరి. అదియు పురుషులనుగూర్చియే.

నలువది యేండ్లు పాఠములు చెప్పినవాడను కనుక నొకమాట. దుఃఖమువచ్చిన పిల్లవాడు పలక విసరును, తగవులాడును. మాస్టరుకు వెంటనే కనబడును. పిల్ల మూలకు చేరును. పదిదినముల దాక నెవరికిని తెలియదు. ఇది శాస్త్రము కాదు, బడిపంతులు చూపు. శాస్త్రము చెప్పున దేమనగా, రజస్వలయైన పిమ్మట బాలికలలో విషాదరోగము బాలురలోకంటె సుమారు రెండింత లుండును. ఆ వయస్సున మెదడు ఇంకను పెరుగుచునే యుండును. ఇట్టి మనస్సునుండి మందు తొలగించిన నిరువురకు నొకే ఫలము కలుగునని యేల తలంపవలెను?

అమెరికాలో ప్రభుత్వధనముతో జరుగు వైద్యపరీక్షలలో స్త్రీలను చేర్చుకొనవలెనని 1993లో చట్టము వచ్చినది. జంతుపరీక్షలలో ఆడ మగ భేదమును గమనింపవలెనను నియమము 2016లో అమలయ్యెను. అటుపిమ్మట యౌవనమందున్న ఎలుకలపై పరిశోధనలు పెరిగినవి. కొన్నిట ఆడువానికి బెదురు హెచ్చు, కొన్నిట మగవానికి. మందు, మోతాదు, మానిన దినముల సంఖ్యనుబట్టి ఫలము మాఱుచున్నది. కనుక బాలికలే దుర్బలలని చెప్పువాడును, భేదమే లేదనువాడును తొందరపడుచున్నారు.

ఇం దొక ప్రాణభయము కలదు. కొన్ని వారములు మానినవాని దేహము పూర్వపు మోతాదును తాళలేదు. దిగులు భరింపలేక బాలుడుగాని బాలికగాని మరల పాతమోతాదే పుచ్చుకొన్నచో ఊపిరి నిలిచిపోవును. ఆ దిగులు కాలము ఆసుపత్రి గోడలలోపల కాదు, ఇంటికి వచ్చిన పిమ్మటనే గడచును.