సింహాచలము కొండ నిప్పులో పుట్టినదా?

సింహాచలము మెట్లదారి పొడవునా కొండ తెగిన చోట్ల ఎర్రని మన్నును, తుప్పు పట్టినట్లున్న రాళ్లను, వాటిలో రేగి గింజలంత ఎర్రని గార్నెట్ రవ్వలను చూడవచ్చును. ఇది ఎన్నడో మండి చల్లారిన అగ్నిపర్వతమేమో యని యాత్రికునికి తోచుట సహజమే. కాని ఈ కొండకు మూలము లావా కాదు. నీటి అడుగున పేరుకొన్న బంకమన్ను.

1902లో భారత భూగర్భ సర్వే శాఖకు చెందిన టి. ఎల్. వాకర్ కలహండి సంస్థానపు శిలలను వర్ణించుచు, వానిలో ఒకదానికి ఖోండు జాతివారి పేర ఖొండలైటు అని నామకరణము చేసెను. అంతకు ముందు 1893లో హాలండ్, కలకత్తాలోని జాబ్ చార్నాక్ సమాధి రాతినిబట్టి మరొక శిలకు చార్నొకైటు అను పేరు పెట్టియుండెను. ఒకటి దొరగారి పేరు, మరొకటి కొండవారి పేరు! సింహాచలము కొండలో ప్రధానమైనది ఈ రెండవదియే.

ఖొండలైటులో సిల్లిమనైట్, గ్రాఫైటు ఉండును. సిల్లిమనైటులో అల్యూమినా అధికము. సాధారణపు లావాలో అంత అల్యూమినా మిగులుగా ఉండదు, బంకమన్నులో ఉండును. గ్రాఫైటు శుద్ధమైన కర్బనము. ఆ మన్ను పొరలు భూమిలో లోతునకు క్రుంగి, సుమారు 100 కోట్ల సంవత్సరముల క్రిందట 900 డిగ్రీల సెంటిగ్రేడు వరకు కాగి, నేటి రూపము దాల్చినవి. కొంత భాగము కరగినది కూడ. కాబట్టి నిప్పుకు పాత్ర లేదనలేము. పుట్టుక మాత్రము దానిది కాదు.

ఈ వివాదము పండితులకే పరిమితము కాలేదు. 1892లో భారతదేశమున మాంగనీసు త్రవ్వకము ఆరంభమైనది నాటి విశాఖపట్టణము జిల్లాలోనే. అచ్చటి కోడూరు గనులలోని శిలకు ఫెర్మర్ కోడురైటు అని పేరిడి, 1909లో అది కరగిన శిలాద్రవమునుండి ఏర్పడినదని వాదించెను. తరువాతివారు మాంగనీసుతో కూడిన పాత అవక్షేపములలోనికి గ్రానైటు ద్రవము చొరబడి కలియుటచే అది ఏర్పడినదనిరి. గని త్రవ్వువానికి ఇది చిన్న భేదము కాదు. శిలాద్రవమైనచో అది ఎక్కడ చొరబడినదో వెదకవలెను. అవక్షేపమైనచో మడతలుపడిన పొరల వెంట పోవలెను.

నిజమైన లావా కావలెనన్న గోదావరికి పోవలెను. రాజమండ్రివద్ద కాటేరులోను, ఆవలి ఒడ్డున పంగిడి, దుద్దుకూరులలోను నల్లని బసాల్టు కలదు. వయస్సు సుమారు 6.5 కోట్ల సంవత్సరములు. ఇది అక్కడి పగుళ్లనుండియే వెలువడినదని కొందరు భావించిరి. కాని దక్కను లావాతో రసాయనికముగా పోల్చి చూచినవారు, పడమటి కనుమల ప్రాంతమునుండి సుమారు 1000 కిలోమీటర్లు ప్రవహించి వచ్చియుండునని 2008లో ప్రకటించిరి. ఆ రెండు ప్రవాహముల నడుమ సున్నపురాతిలో ఉప్పునీటి గవ్వలు చిక్కుకొనియున్నవి. అనగా మొదటి లావా చల్లారిన పిదప, రెండవది రాకముందు, సముద్రము అంతవరకు వచ్చెను. ఆ గవ్వల పొర బయటపడినది కంకరకై రాయి కొట్టిన క్వారీలలోనే, తరిగిపోవుచున్నదియు వానిలోనే.