మంచు దేశాల్లో కారు: ఆల్ సీజన్ టైర్లు సరిపోతాయా, వింటర్ టైర్లు కొనాలా? తక్కువ బడ్జెట్‌లో తేల్చుకోవడం ఎలా

ఆగస్టులో చదువు కోసం అమెరికా, కెనడా చేరే మన పిల్లల్లో చాలామంది రెండు మూడు నెలల్లోనే ఓ సెకండ్ హ్యాండ్ కారు కొంటారు. నవంబర్‌లో మొదటి మంచు పడుతుంది. అప్పుడు ఇంటికి ఫోన్ వస్తుంది: "అబ్బా, ఇక్కడ అందరూ టైర్లు మారుస్తున్నారు. నాలుగు టైర్లకు ఏడెనిమిది వందల డాలర్లట. ఉన్నవి బాగానే ఉన్నాయి, మార్చడం అవసరమా?"

ఇటు కరీంనగర్‌లోనో గుంటూరులోనో ఉన్న తండ్రికి ఏం చెప్పాలో తోచదు. మన దగ్గర ఏడాది పొడవునా ఒకే టైరు. అరిగితే మార్చడమే తప్ప, కాలాన్ని బట్టి మార్చడం ఉండదు. అక్కడ చూస్తే ఫీజు, అద్దె, అప్పు కిస్తీ అన్నీ నెత్తి మీద ఉంటాయి. కానీ పార్ట్ టైమ్ పని ముగించుకుని రాత్రిపూట ఐస్ పట్టిన రోడ్డు మీద ఇంటికి రావాల్సింది కూడా ఆ పిల్లలే. అందుకే ఈ విషయాన్ని కాస్త వివరంగా తెలుసుకోవడం మంచిది.

అసలు తేడా ఎక్కడుంది?

తేడా ప్రధానంగా రబ్బరులో ఉంది. చలికాలంలో కొబ్బరినూనె సీసాలో గడ్డకడుతుంది కదా. టైరు రబ్బరు అలా ఒక్కసారిగా గడ్డకట్టదు గానీ, చలి పెరిగేకొద్దీ మెల్లగా బిగుసుకుపోతుంది. బిగిసిన రబ్బరు రోడ్డును పట్టుకోలేదు, జారుతుంది. ఆల్ సీజన్ టైరు రబ్బరును ఎండ, వాన, ఓ మోస్తరు చలి దృష్టిలో పెట్టుకుని తయారు చేస్తారు. వింటర్ టైరు రబ్బరు గడ్డకట్టే చలిలో కూడా మెత్తగానే ఉంటుంది. పైగా దాని మీద గాళ్లు లోతుగా ఉంటాయి, బ్లేడుతో కోసినట్టు వందలకొద్దీ సన్నని చీలికలు ఉంటాయి. ఆ చీలికల అంచులే మంచును పట్టి ఉంచుతాయి.

టైర్ల వాళ్లు చెప్పే లెక్క 7 డిగ్రీల సెల్సియస్. రోజువారీ ఉష్ణోగ్రత అంతకంటే కిందికి దిగి అక్కడే ఉండిపోతే ఆల్ సీజన్ టైరు పట్టు తగ్గడం మొదలవుతుంది. ఆదిలాబాద్ వాళ్లకు డిసెంబర్, జనవరి తెల్లవారుజామున ఆ చలి ఎలా ఉంటుందో తెలుసు. టొరంటో, షికాగోలలో నెలల తరబడి ఉండే చలి అంతకంటే ఎక్కువ. రోడ్డు మీద మంచు లేకున్నా, ఆకాశం నిర్మలంగా ఉన్నా ఈ లెక్క వర్తిస్తుంది.

మరి ఏడాదంతా వింటర్ టైర్లే ఉంచితే? అదీ నష్టమే. మెత్తటి రబ్బరు ఎండాకాలం వేడి రోడ్డు మీద త్వరగా అరిగిపోతుంది, బ్రేకు వేసినా బండి ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది.

మధ్యలో మూడో రకం

ఈ రెండింటికీ మధ్య 'ఆల్ వెదర్' టైర్లు ఉన్నాయి. పేరు ఆల్ సీజన్‌లాగే వినిపించినా సరుకు వేరు. వీటిని ఏడాదంతా ఉంచుకోవచ్చు, మంచులో ఆల్ సీజన్ కంటే బాగా పట్టుకుంటాయి. అసలైన వింటర్ టైరు అంత పట్టు మాత్రం, ముఖ్యంగా ఐస్ మీద, ఉండదు.

యూరప్‌లో పేర్లు కొంచెం వేరు. అక్కడ 'ఆల్ సీజన్' అని అమ్మేది చాలావరకు అమెరికా, కెనడాల్లో ఆల్ వెదర్ అనే రకమే. కాబట్టి పేరు చూసి మోసపోవద్దు, గుర్తు చూడాలి.

టైరు పక్కన ఏ గుర్తు ఉంది?

టైరు పక్కభాగంలో రెండు రకాల గుర్తులు కనిపిస్తాయి.

ఒకటి, ఎం, ఎస్ అనే ఇంగ్లిష్ అక్షరాలు. బురద, మంచు అని వాటి అర్థం. గాళ్ల ఆకారాన్ని బట్టి కంపెనీయే వేసుకునే గుర్తు ఇది, దీనికి మంచు మీద పరీక్ష ఏదీ ఉండదు. మామూలు ఆల్ సీజన్ టైర్ల మీద కూడా ఇది ఉంటుంది.

రెండోది, మూడు శిఖరాల కొండ బొమ్మ, దాని లోపల మంచు రేకు. తొక్కుడుపడి గట్టిపడిన మంచు మీద పట్టు ఎంతో చూసే పరీక్షలో నెగ్గితేనే ఈ గుర్తు వేస్తారు. వింటర్ టైర్ల మీద, ఆల్ వెదర్ టైర్ల మీద ఇది ఉంటుంది. అయితే ఐస్ మీద బ్రేకు ఎంత పడుతుందన్నది ఈ గుర్తు చెప్పదు.

షాపులో ఎవరేం చెప్పినా కొండ బొమ్మ లేకపోతే అది మంచు టైరు కాదు. ఈ ఒక్క మాట గుర్తుంచుకున్నా సగం మోసం తప్పుతుంది.

చట్టం ఎక్కడ ఏం చెబుతోంది?

కెనడాలోని క్యూబెక్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 వరకు కొండ బొమ్మ ఉన్న టైర్లు తప్పనిసరి. మాంట్రియల్‌లో చదివే పిల్లలకు వేరే దారి లేదు. బ్రిటిష్ కొలంబియాలో అక్టోబర్ 1 నుంచి చాలా కొండదారుల్లో చలికాలం టైర్లు ఉండాలి. అక్కడ ఎం, ఎస్ అక్షరాల టైర్లను కూడా ఒప్పుకుంటారు గానీ గాళ్ల లోతు కనీసం 3.5 మిల్లీమీటర్లు ఉండాలి. ఒంటారియోలో వింటర్ టైర్లు తప్పనిసరి కాదు. అయితే అవి వేసుకున్నవారికి ఇన్సూరెన్స్ కంపెనీలు ప్రీమియంలో తగ్గింపు ఇవ్వాలన్న నియమం 2016 జనవరి 1 నుంచి ఉంది. అడగకపోతే ఆ తగ్గింపు చేజారే అవకాశముంది. బిల్లు దగ్గర పెట్టుకుని ఫోన్ చేసి అడగాలి.

జర్మనీలో తేదీల లెక్క లేదు. రోడ్డు మీద మంచు, ఐస్ ఉన్నప్పుడు సరైన టైర్లు లేకుండా బండి నడపకూడదు. 2024 అక్టోబర్ నుంచి అక్కడ ఎం, ఎస్ అక్షరాలు మాత్రమే ఉంటే చెల్లదు, కొండ బొమ్మ ఉండాల్సిందే.

ఏ ఊరికి ఏ టైరు?

డాలస్, హ్యూస్టన్, అట్లాంటా, కాలిఫోర్నియా తీర ప్రాంతాలు: మంచి గాళ్లున్న ఆల్ సీజన్ చాలు. డాలస్‌లో ఎప్పుడో ఒకసారి ఐస్ పడుతుంది. ఆ ఒకటి రెండు రోజులు బండి తీయకపోవడమే ఉత్తమం.

న్యూజెర్సీ, సెయింట్ లూయిస్, కాన్సాస్ సిటీ లాంటివి: మంచు పడుతుంది, కరుగుతుంది, మళ్లీ పడుతుంది. ఊళ్లోనే తిరిగేవారికి ఆల్ వెదర్ సరిగ్గా సరిపోతుంది.

షికాగో, డెట్రాయిట్, టొరంటో: ఇక్కడే ఆలోచన అవసరం. మెయిన్ రోడ్లు త్వరగా శుభ్రం చేస్తారు. పగటిపూట, ఊళ్లోనే నడిపితే ఆల్ వెదర్‌తో నెట్టుకురావచ్చు. తెల్లవారుజామున షిఫ్టుకు వెళ్లేవారు, హైవే మీద దూరం పోయేవారు, చిన్నపిల్లలను బడికి దింపేవారు వింటర్ టైర్లు తీసుకోవడం మేలు.

బఫెలో, మినియాపొలిస్, విన్నిపెగ్, కాల్గరీ, ఎడ్మంటన్: వింటర్ టైర్లే. ఇక్కడ మరో మాట లేదు.

చివరగా ఒక ప్రశ్న వేసుకోవాలి: మంచు పడిన రోజు ఇంట్లో ఉండిపోగలరా? ఆన్‌లైన్ క్లాసు, ఇంటి నుంచి పని, దగ్గర్లో బస్సు ఉన్నవారు ఆగగలరు. డెలివరీ, వేర్‌హౌస్, ఆస్పత్రి డ్యూటీ ఉన్నవారికి ఆ వెసులుబాటు ఉండదు. టైరు ఎంపికలో ఊరు ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం.

ఖర్చు లెక్క వేసి చూద్దాం

ఒక చిన్న కారు, ఏడాదికి 16,000 కిలోమీటర్లు, ఐదేళ్ల కాలం అనుకుందాం. కింది ధరలన్నీ లెక్క కోసం అనుకున్నవే. మీ ఊరి షాపు చెప్పే ధరలు వేసి చూసుకోవాలి.

ఆల్ సీజన్ ఒక్కటే అయితే: సెట్టు 600 డాలర్లు, 80,000 కిలోమీటర్లు వస్తుందనుకుంటే ఐదేళ్లకు మొత్తం 600.

ఆల్ వెదర్ అయితే: సెట్టు 800, అంతే మైలేజీ వస్తే ఐదేళ్లకు 800. అంటే అదనం ఏడాదికి 40 డాలర్లు.

ఆల్ సీజన్‌తో పాటు వింటర్ సెట్టు అయితే: 600, ప్లస్ 700, ప్లస్ విడిగా నాలుగు స్టీలు రిమ్ములకు 300, ప్లస్ ఏడాదికి రెండుసార్లు మార్పించే కూలి ఐదేళ్లకు 400. మొత్తం 2,000. అయితే చలికాలం 6,000 కిలోమీటర్లు వింటర్ టైర్ల మీదే తిరుగుతాయి కాబట్టి ఆల్ సీజన్ టైర్లు ఐదేళ్లలో 50,000 కిలోమీటర్లే అరుగుతాయి. వాటిలో ఇంకా 225 డాలర్ల వాడకం మిగిలే ఉంటుంది. అది తీసేస్తే అదనపు ఖర్చు 1,175, అంటే ఏడాదికి 235 డాలర్లు. టైర్లు సొంతంగా మార్చుకుంటే కూలి మిగిలి ఏడాదికి 155కు దిగుతుంది.

ఒకేసారి వెయ్యి డాలర్లు తీయాలంటే గుండె గుభేలుమంటుంది. నెలకు పంచితే అది 20 డాలర్ల లోపే. జారి ఒక్కసారి ముందు కారును గుద్దితే, ఇన్సూరెన్స్ ఉన్నా సొంత జేబులోంచి పెట్టుకోవాల్సిన వాటా ఐదు వందలో వెయ్యో ఉంటుంది, మరుసటి ఏడాది ప్రీమియమూ పెరుగుతుంది. ఒంటికి దెబ్బ తగిలితే ఆ లెక్కే వేరు.

రెండేళ్ల చదువు ముగించి వేరే ఊరు వెళ్లిపోయేవారికి లెక్క మారుతుంది. మరీ మంచు ఊరు కాకపోతే వారికి ఆల్ వెదరే లాభం.

ఖర్చు తగ్గించుకునే దారులు

- విడి రిమ్ములు కొనడం. ఒకే రిమ్ము మీద ప్రతిసారీ టైరు విప్పి ఎక్కిస్తే కూలి ఎక్కువ, టైరు అంచూ దెబ్బతింటుంది. పాత స్టీలు రిమ్ములు చవగ్గా దొరుకుతాయి.
- చిన్న సైజు రిమ్ము. 17 అంగుళాల రిమ్ము ఉన్న కొన్ని కార్లకు 16 అంగుళాలది కూడా పడుతుంది, దాని టైర్లు సాధారణంగా చవక. డ్రైవర్ తలుపు దగ్గరున్న స్టిక్కరు, కారు మాన్యువల్ చూసి, షాపులో అడిగి నిర్ధారించుకోవాలి.
- తొందరపడటమే మేలు. మొదటి మంచు పడ్డాక షాపుల్లో లైను ఉంటుంది, కావాల్సిన సైజు దొరకదు. సెప్టెంబర్, అక్టోబర్‌లలోనే మాట్లాడుకోవాలి.
- సెకండ్ హ్యాండ్ టైర్లు. ఊరు వదిలి వెళ్లే సీనియర్ల దగ్గర కొనుక్కోవచ్చు. కానీ వయసు, లోతు రెండూ చూడాలి. పక్కభాగంలో డాట్ అనే అక్షరాల వరసలో చివరి నాలుగు అంకెలు తయారీ తేదీ. 3521 అని ఉంటే 2021లో 35వ వారం. ఆరేళ్లు దాటిన వింటర్ టైరు గాళ్లు బాగా కనిపించినా రబ్బరు గట్టిపడి ఉంటుంది, తీసుకోవద్దు. పక్కన ఉబ్బు, పగుళ్లు ఉన్నా వద్దు.
- లోతు కొలవడం. అమెరికా క్వార్టర్ నాణేన్ని తలకిందులుగా గాడిలో పెట్టి చూడాలి. వాషింగ్టన్ తల పైభాగం పూర్తిగా కనిపిస్తే లోతు 4/32 అంగుళం కంటే తక్కువని అర్థం. అంత అరిగిన టైరు మంచుకు పనికిరాదు.

ఈ పొరపాట్లు వద్దు

రెండే టైర్లు మార్చడం: డబ్బు లేక చాలామంది చేసే పని ఇదే, ప్రమాదమూ ఇక్కడే. ముందు రెండూ వింటర్, వెనక రెండూ ఆల్ సీజన్ అయితే బ్రేకు వేసినప్పుడు, మలుపు తిప్పినప్పుడు ముందుభాగం పట్టుకుంటుంది, వెనకభాగం జారి బండి గిర్రున తిరుగుతుంది. నాలుగు వింటర్ టైర్లకు డబ్బు చాలకపోతే నాలుగు ఆల్ వెదర్ తీసుకోవడమే మంచిది.

"మాది ఫోర్ వీల్ డ్రైవ్" అన్న ధీమా: నాలుగు చక్రాలకూ ఇంజన్ శక్తి అందితే మంచులో బండి కదలడం తేలిక. ఆగేటప్పుడు మాత్రం అది సాయం చేయదు. ఆపేది టైరు పట్టే.

గాలి మరిచిపోవడం: ఉష్ణోగ్రత సుమారు 5 నుంచి 6 డిగ్రీల సెల్సియస్ పడిపోతే టైరులో గాలి దాదాపు 1 పీఎస్ఐ తగ్గుతుంది. చలికాలంలో నెలకోసారైనా, టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూసుకోవాలి.

నట్లు మళ్లీ బిగించకపోవడం: చక్రాలు మార్చాక 80 నుంచి 100 కిలోమీటర్లు తిరిగి నట్ల బిగింపు ఇంకోసారి చూపించుకోవాలి.

మంచి టైరు ఉంది కదా అని వేగంగా వెళ్లడం: వేగం రెట్టింపైతే బండి ఆగే దూరం సుమారు నాలుగు రెట్లవుతుంది. వంతెనల మీద, తెల్లవారుజామున కంటికి కనిపించని పలుచని ఐస్ పొర ఉంటుంది. దాని మీద ఏ టైరుకూ పూర్తి భరోసా లేదు.

ఇంటి నుంచి ఏం చెప్పాలి?

ఫోన్ వస్తే మూడే మాటలు అడగండి. టైరు పక్కన కొండ బొమ్మ ఉందా? టైరు ఏ సంవత్సరంది, గాళ్లు ఎంత లోతున్నాయి? మంచు రోజున బండి తీయక తప్పదా? మొదటి దానికి "లేదు", మూడోదానికి "తప్పదు" అని జవాబు వస్తే, వేరే ఖర్చు ఏదైనా ఒక నెల వాయిదా వేసి టైర్ల సంగతి ముందు చూడమనండి. గుండు టైర్లతో చలికాలం గడిపేద్దామనుకోవడం పొదుపు కాదు.