ఠాణా పుస్తకం నుంచి చేతిలో ఫోన్ దాకా

ఖిలా వరంగల్ కీర్తి తోరణాల దగ్గర ఆదివారం సాయంత్రం ఫోన్ లేని చెయ్యి కనిపించదు. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు గూడేల నుంచి, తండాల నుంచి హన్మకొండ హాస్టళ్లకు చదువుకు వచ్చిన మన పిల్లలూ అక్కడ ఉంటారు. ఇంటికాడ నోరు విప్పి చెప్పలేని ఇష్టం ఆ ఫోన్‌లో ఉంటుంది. ఊళ్లో అందరూ అందరికీ తెలుసు, ఇక్కడ ఎవరికి ఎవరూ తెలియదు. కానీ చాటుగా వీడియో తీసేవాడి చేతిలోనూ ఫోనే ఉంది. బస్సు కన్నా ముందే ఆ వీడియో తండాకు చేరుతుంది.

మనుషుల ఇష్టాల మీద నిఘా పెట్టడం ఫోన్‌తో పుట్టింది కాదు. 1871 నేరస్థ జాతుల చట్టం గురించి మన సభల్లో ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. తర్వాత మద్రాసు రాష్ట్రంలో ఎరుకలోళ్ల పేర్లు ఠాణా పుస్తకంలోకి ఎక్కించింది దాని స్థానంలో 1911లో వచ్చిన చట్టం కింద. 1871 చట్టానికి రెండో భాగం ఒకటి ఉండేదని మాత్రం మనం చెప్పుకోలేదు. అది హిజ్రాల మీద. నేరస్థ జాతులన్నవాళ్ల పేర్లు, హిజ్రాల పేర్లు రాయించడం మొదలైంది ఒకే చట్టంతో.

వరంగల్ అప్పుడు నిజాం ఏలుబడిలో ఉంది. 1329 ఫసలీలో, అంటే 1919 ప్రాంతంలో, ఇక్కడా అలాంటి చట్టమే వచ్చింది. అనుమానం ఉన్న హిజ్రాల పేరు, ఇల్లు రిజిస్టర్‌లో రాయాలి. ఆడబట్టలు కట్టి బజార్లో ఆడినా పాడినా వారెంటు లేకుండా పట్టుకోవచ్చు. నేరస్థ జాతుల చట్టం 1952లో పోయింది. ఇది పోలేదు. ప్రభుత్వాలు మారాయి, రాష్ట్రాలు మారాయి, ఇది ఉండిపోయింది. వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు కోర్టుకు వెళ్తే తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో కొట్టేసింది. నూరేళ్లు దాటాక!

ఇప్పుడు రాసుకోవడం తిరగబడింది. 2020 నవంబర్‌లో ట్రాన్స్‌జెండర్ల కోసం కేంద్రం పోర్టల్ తెరిచింది. ఎవరి పేరు వాళ్లే రాసుకుని కార్డు తీసుకోవచ్చు. సిగ్నల్ కోసం గుట్టెక్కాల్సిన గూడెంలో అది ఎంతవరకు అందుతుందో మీరే ఊహించండి. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు తీర్పు తర్వాత, ఇష్టపడి కలిసే పెద్దవాళ్లు ఇద్దరు మగవాళ్లయినా, ఇద్దరు ఆడవాళ్లయినా నేరం కాదు. అలాంటి జత వెతికే యాప్‌లు అవతలి మనిషి ఎంత దూరంలో ఉన్నాడో కిలోమీటర్లలో చూపిస్తాయి. కోటలో కూర్చున్న పిల్లాడికి అది తోడు. అదే లెక్క వాణ్ని పట్టిచ్చేస్తుంది కూడా.

ఒప్పుకోలు లేకుండా ఒకరి నగ్న చిత్రం తీసినా, పంపినా ఐటీ చట్టం 66ఇ కింద మూడేళ్ల వరకు జైలు. సార్లు, టీచరమ్మలు ఇది క్లాసులో చెప్పాలి. అయితే తోరణం కింద ఒళ్లంతా బట్టలతో పక్కపక్కన కూర్చున్న ఇద్దరి వీడియో ఆ సెక్షన్‌లోకి రాదు. తండాలో ఆడపిల్ల చదువు మాన్పించడానికి ఆ వీడియోనే చాలు. మేం చూసినవాటిలో ఎక్కువ అవే.

మొన్న హాస్టల్ పిల్లాడొకడు మమ్మల్ని అడిగాడు: “యాప్‌లో పేరు మార్చి పెట్టుకున్న సార్, తప్పా?” ఠాణా పుస్తకం సంగతి వాడికి అప్పుడే చెప్పాం.