‘కేసు పెట్టాడు’.. ఇంగ్లీషులో ఎలా రాయాలి?

పాస్‌పోర్టు ఫారం కావచ్చు, గల్ఫ్ కంపెనీ జాబ్ అప్లికేషన్ కావచ్చు. ‘మీ మీద కేసులున్నాయా?’ అన్న గడి దగ్గరకు రాగానే చాలామంది చేయి ఆగిపోతుంది. నోటితో చెప్పేటప్పుడు ‘కేసు’ అనే ఒక్క మాటతో అన్నీ నడిచిపోతాయి. కాగితం మీద నడవవు.

మొదటి తప్పు తెలుగులోంచే వస్తుంది. ‘నా మీద కేసు పెట్టాడు’ని మాటకు మాట మార్చి ‘హీ పుట్ కేస్ ఆన్ మీ’ అని రాసేస్తారు. రాయాల్సింది ‘హీ ఫైల్డ్ ఎ కేస్ అగైనెస్ట్ మీ’. ‘మీద’ అంటే ఇక్కడ ఆన్ కాదు, అగైనెస్ట్. ‘కేసు నడుస్తోంది’ అంటే ‘కేస్ ఈజ్ రన్నింగ్’ కాదు, ‘ద కేస్ ఈజ్ పెండింగ్’. ‘అక్యూజ్డ్’ తర్వాత ‘ఆఫ్’, ‘ఛార్జ్డ్’ తర్వాత ‘విత్’, ‘కన్విక్టెడ్’ తర్వాత మళ్లీ ‘ఆఫ్’ వస్తాయి.

రెండోది ఉర్దూ వచ్చిన ఇళ్లలో పడే చిక్కు. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. ఎవరి మీద వేశారో ఆయన ముద్దా అలైహ్. తెలుగులో మాత్రం ముద్దాయి అంటే నిందితుడు! అబ్బాజాన్ ఉర్దూలో ‘మై ముద్దయీ హూఁ’ అంటే, కొడుకు తెలుగు అర్థం పట్టుకుని ఇంగ్లీషులో ‘అక్యూజ్డ్’ అని రాస్తే కథ తలకిందులే. సివిల్ దావాలో వేసినవారు ప్లెయింటిఫ్, ఎదుటివారు డిఫెండెంట్. క్రిమినల్‌లో ఫిర్యాదు చేసినవారు కంప్లయినెంట్, ఎదుటివారు అక్యూజ్డ్. ఫ్యామిలీ కోర్టుకు విడాకుల కోసం వెళితే పిటిషనర్, రెస్పాండెంట్ అంటారు. భార్య మెయింటెనెన్స్ అడిగిన కేసులో కూడా భర్త రెస్పాండెంటే, అక్యూజ్డ్ కాదు. ఆ సెక్షన్ క్రిమినల్ ప్రొసీజర్ చట్టంలో ఉండటంతో కొందరు తమకు తామే ‘క్రిమినల్ కేస్’ అని రాసుకుంటారు.

చెక్ బౌన్స్ దీనికి తిరగబడ్డ వ్యవహారం. డబ్బు గొడవే కదా అని ‘సివిల్ సూట్’ అని రాస్తారు. కానీ సెక్షన్ 138 కింద మేజిస్ట్రేట్ దగ్గర వేసేది క్రిమినల్ కంప్లయింట్. బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి, అందుకున్నవారికి 15 రోజుల గడువు ఉంటుంది, అప్పటికీ కట్టకపోతే నెలలోపు కంప్లయింట్ వేయాలి. నోటీసు వచ్చినంత మాత్రాన ‘ఐ వజ్ స్యూడ్’ అని రాయకూడదు. అప్పటికి కోర్టులో ఏమీ లేదు.

ఎక్కువ నష్టం జరిగేది ఎఫ్‌ఐఆర్ దగ్గర. ఎఫ్‌ఐఆర్ అయితే ‘ఛార్జ్డ్’ అని రాసేస్తారు. మన దేశంలో పోలీసులు చార్జ్‌షీట్ వేస్తారు, ఛార్జెస్ ఫ్రేమ్ చేసేది కోర్టు. ‘ప్రెస్ ఛార్జెస్’ అన్నది అమెరికన్ సినిమాల మాట, ఇక్కడి కాగితాల్లో వద్దు. పాస్‌పోర్టు చట్టం 6(2)(ఎఫ్) అడ్డు చెప్పేది క్రిమినల్ కోర్టులో పెండింగ్ ఉన్న కేసుకు. ఉత్త ఎఫ్‌ఐఆర్, దర్యాప్తు దశ దాని కిందికి రావనీ, కోర్టు కేసును కాగ్నిజెన్స్‌లోకి తీసుకోవాలనీ విదేశాంగ శాఖ 2019 అక్టోబరు 10న మెమో ఇచ్చింది. పెండింగ్ ఉన్నా దారి మూసుకుపోదు. 1993 నోటిఫికేషన్ ప్రకారం ఆ కోర్టు అనుమతి తెచ్చుకోవచ్చు. ఫారంలో అడిగింది దాచడం మాత్రం వేరే సంగతి, దానికి పాస్‌పోర్టే జప్తు చేయొచ్చు.

ఇక ‘కేసు కొట్టేశారు’. దీన్ని ‘కేస్ క్యాన్సిల్డ్’ అనరు. సూట్ అయితే డిస్మిస్డ్. ఎఫ్‌ఐఆర్‌ను హైకోర్టు కొట్టేస్తే క్వాష్డ్. ఛార్జెస్ ఫ్రేమ్ కాకముందే బయటపడితే డిశ్చార్జ్డ్, విచారణ అంతా అయ్యాక నిర్దోషి అని తేలితే అక్విటెడ్. ఏది రాయాలో అనుమానంగా ఉంటే ఆర్డర్ సర్టిఫైడ్ కాపీ తీసి చివరి పేరా చూడండి, అక్కడున్న మాటనే ఫారంలో దించండి.